చెప్పుల దొంగ కాదు, దృష్టిలోప బాధితుడు

మొన్నటి దసరా నవరాత్రుల్లో హన్మకొండలోని ఒక గుడి ముందు విడిచిన నా నల్లచెప్పులు, కొని నెల తిరగకుండానే మాయమయ్యాయి. వాటి చోట అదే రంగు, అదే కొలత గల మరో జత ఉంది. కాకపోతే మడమ దగ్గర అరిగి, కింది బండ కనిపిస్తోంది. ‘ఎవడో ఎత్తుకపోయిండు’ అని మా ఆవిడ అక్కడికక్కడే తీర్పు చెప్పింది. ఆ తొందరపాటును ఖండించడానికే ఈ వ్యాసం.

వెతికే వస్తువు ఒక్క లక్షణంతో వేరుపడితే, చుట్టూ ఎన్ని ఉన్నా చూపు దాన్ని దాదాపు ఒకే వ్యవధిలో పట్టేస్తుందని ఆన్ ట్రీస్‌మన్, గ్యారీ గెలాడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1980లో చెప్పారు. నల్లచెప్పుల గుట్టలో ఒక్కటే ఎర్రజత ఉంటే దాన్ని వెతకనక్కరలేదు. కానీ నల్లవీ చాలా ఉండి, నీలంపట్టీవీ చాలా ఉండి, ఆ రెండూ కలిసినది మాత్రమే మనదైతే ఒక్కొక్కదాన్నే పరీక్షించుకుంటూ పోవాలి. గుట్ట పెరిగేకొద్దీ ఆలస్యమూ పెరుగుతుంది. చుట్టూ ఉన్నవి మన వస్తువును పోలి ఉండి, వాటిలో వాటికి పోలిక లేకపోతే వెతుకులాట మరీ కష్టమని డంకన్, హంఫ్రీస్ అనే మరో ఇద్దరు పరిశోధకులు 1989లో తేల్చారు. మన గుడిమెట్లు ఈ రెండు షరతులనూ భక్తిశ్రద్ధలతో నెరవేరుస్తాయి. పైగా అడుగేస్తే లైట్లు వెలిగే పిల్లల బూటొకటి, అక్కరలేకపోయినా, చూపును తనవైపు లాగుతూ ఉంటుంది.

ఒక చేత కొబ్బరిచిప్ప, ఇంకో చేత పిల్లవాడు ఉన్న భక్తుడు ఇంతటి పరీక్షలో తప్పడం నేరమా?

అయితే ఇరవయ్యేళ్లుగా గుడికి పోతున్నాను. పొరపాటున తన కొత్తజత వదిలి నా పాతజత తొడుక్కుపోయిన మహానుభావుడు ఒక్కడూ తగల్లేదు. దీనికీ శాస్త్రంలో సమాధానముంది. గీత తగిలించిన వృత్తం మామూలు వృత్తాల నడుమ ఇట్టే కనిపిస్తుందనీ, గీతలున్న వృత్తాల నడుమ గీత లేనిదాన్ని పట్టుకోవడానికి చాలాసేపు పడుతుందనీ 1985లో ట్రీస్‌మన్, సౌథర్ చూపించారు. ఉన్నది కంటికి తగులుతుంది, లేనిది తగలదు. మడమ ఉన్న నా చెప్పు ఆ పెద్దమనిషికి వెంటనే కనిపించింది. మడమ లేని ఆయన సొంత చెప్పు, పాపం, ఎంత వెతికినా కనిపించలేదు.

ఇదంతా విని మా ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. వచ్చే శుక్రవారం ఆ అరిగిన జతతోనే మళ్లీ గుడికి పోతున్నాను. నా కళ్లూ అందరి కళ్లలాంటివే.