పదహారో ఎక్కం దగ్గర ఆగిన పర్లాకిమిడి

ఒడిశా అంచున ఉన్న మా పర్లాకిమిడికి ఉన్న సమస్యల్లో అతి తీవ్రమైనది మే నెల ఎండ కాదు, నడిరోడ్డు మీద ఆవుల మహాసభ కూడా కాదు. మా ముందుగదిలో ఉన్న డెస్క్‌టాప్‌కి 45 అని చెబితే 16 అని చూపిస్తోంది. కలెక్టరు గారికి అర్జీ పెడదామనుకున్నాను. తెలుగులో రాయాలా, ఒడియాలో రాయాలా అన్న దగ్గర అది ఆగింది.

గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి వాడుక మాటల్లోనే విన్నవిస్తాను. ప్రాసెసర్ వేగమంటే ఒక ఎక్కం. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్. దాన్ని ఎంతతో హెచ్చవేస్తే అంత వేగం. ఆ 'ఎంత' పేరే మల్టిప్లయర్. నాది 2011 నాటి ఇంటెల్ ఐ5-2500కె ప్రాసెసర్. కంపెనీ ఇచ్చిన లెక్క 33, అంటే 3300 మెగాహెర్ట్జ్. చివర కె ఉంటే పెంచుకోవచ్చు, కానీ దాన్ని మోసే మదర్‌బోర్డు కూడా ఒప్పుకోవాలి. పెంచనివ్వని హెచ్61 రకం బోర్డులో కె చిప్ పెడితే పందెం ఎద్దును గానుగకు కట్టినట్టే. నాది పెంచనిచ్చే జెడ్68. అందుకే ఇంత ధైర్యం. (2000 ప్రాంతంలో ఏఎండీ అథ్లాన్ చిప్ మీద సన్నటి వంతెనల్ని పెన్సిల్‌తో కలిపి ఈ తాళం తీసేవారు. పెన్సిల్‌తో ఎక్కాలు మార్చినందుకు మాకు మాత్రం తొడపాశం పెట్టారు.)

బడిలో ఒడియా మాస్టారి దగ్గర పొణికియా, ఇంట్లో నాన్న దగ్గర ఎక్కాలు: ఒకే లెక్కకి రెండు భాషల్లో దెబ్బలు తిన్నవాణ్ణి. నాకా తప్పు లెక్క చెప్పేది?

విండోస్ రాకముందు బోర్డు అమరికలు మార్చుకునే బయోస్‌లో మల్టిప్లయర్ 45 పెట్టి, భద్రపరచడానికి ఎఫ్10 నొక్కాను. విండోస్ వచ్చాక ప్రాసెసర్ వేగం చూపించే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్ తెరిస్తే 16. వేగం 1600. మళ్లీ బయోస్‌కి వెళితే 45 బుద్ధిగా కూర్చునే ఉంది. బయటికొస్తే 16. ఇలా నాలుగుసార్లు తిరిగాక ఆంధ్రాలోని పాతపట్నం నుంచి మా బావమరిదిని పిలిపించాను. కంప్యూటర్లు బాగుచేస్తాడు. రాష్ట్రం దాటి వచ్చాడు కనక విదేశీ నిపుణుడి హోదాలో రెండు టీలు ఇచ్చాం.

"బావా, ఇప్పుడిది ఏటి పని చేస్తంది?" అన్నాడు.

"ఏమీ లేదురా."

"మరింకేటి, పడుకుంది."

స్పీడ్‌స్టెప్, సీ1ఈ అని రెండు ఏర్పాట్లు ఉంటాయట. పని లేకపోతే ప్రాసెసర్ తనంతట తానే మల్టిప్లయర్ దించుకుని, కరెంటు తగ్గించుకుని, చల్లగా ఉంటుంది. వాడు ప్రైమ్95 అనే బండ లెక్కల ప్రోగ్రామ్ నడిపించాడు. చటుక్కున 45కి లేచింది. ఆపితే 16. నేను రోగం అనుకున్నది దాని మర్యాద.

ఈ మర్యాదే నాకు మింగుడుపడలేదు. పని ఉంటే లేవడం, లేకపోతే పడుకోవడం! మన దగ్గర ఏ కచేరీలో, ఏ పెళ్లింట్లో, ఏ కుర్చీలో ఇలా జరిగింది? పని లేనప్పుడు హడావుడి చెయ్యాలి, పని పడ్డప్పుడు జ్వరం తెచ్చుకోవాలి. తరతరాలుగా కాపాడుకొస్తున్న ఆచారాన్ని బిస్కెట్టంత చిప్ వచ్చి చెడగొడుతుంటే ఊరుకుంటామా?

బావమరిది అటు బస్సెక్కగానే సంస్కరణలు మొదలెట్టాను. సీ1ఈ ఆపేశాను, స్పీడ్‌స్టెప్ ఆపేశాను. విండోస్ పవర్ ఆప్షన్లలో కనీస స్థాయి 100 శాతం చేశాను. ఇక చూడండి, పేకాట తెరిచినా 45, మూసినా 45. ఫ్యాను రోకలిబండ దంచినట్టు మోగింది. ముందుగదిలో కూర్చోలేక మా అమ్మ వీధరుగు మీదికి మారింది. చిప్‌కిచ్చే వోల్టేజీని ఆటోకి, అంటే బోర్డు ఇష్టానికి వదిలేస్తే బోర్డు పెళ్లివారి చేత్తో వడ్డించేసింది. డబ్బాలో వచ్చిన చిన్న కూలర్, పైన మే నెల. అసలు పని ఇచ్చి చూద్దామని మళ్లీ ప్రైమ్95 పెడితే వేడి 100 డిగ్రీల దరిదాపులకి పోయి, ప్రాణభయంతో మల్టిప్లయర్ దానంతటదే జారిపోవడం మొదలెట్టింది. పని లేనప్పుడు 45, పని పడగానే కిందికి. చివరికి మా చిప్ కూడా ఊరి పద్ధతిలోకి వచ్చింది!

ఆ సంతోషంలో 50 పెట్టాను. తెర నల్లబడింది. మరి వెలగలేదు.

విదేశీ నిపుణుడు మళ్లీ వచ్చాడు. ఈసారి టీ అడగలేదు. ప్లగ్గు పీకి, బయోస్ జ్ఞాపకాన్ని నిలబెట్టే, బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉన్న సీఆర్2032 బ్యాటరీ తీసి, బల్ల మీద పెట్టి, కాసేపు నాకేసి చూస్తూ కూర్చున్నాడు. తిరిగి పెడితే వెలిగింది. మల్టిప్లయర్ 33. బోర్డు గతం మొత్తం మరిచిపోయి, తేదీ 2011 జనవరి 1 అని చూపించింది.

మా పెళ్లి 2012లో. వెనకనుంచి తొంగిచూసిన మా ఆవిడ, "తేదీ మార్చకురా తమ్ముడూ, అక్కడే ఉంచు," అంది.