అగ్గిపుల్లతో పెట్రోలు లీకు వెతకమంటారా?

"పాత కారులో పెట్రోలు వాసన వస్తోందా? ఆరు సులువైన చిట్కాలు" అన్న వాట్సాప్ సందేశం ఈ మధ్య నేనున్న ప్రతి గుంపులోకీ వస్తోంది. పంపేవారిలో ఏళ్ల తరబడి కార్లు నడిపినవాళ్లూ ఉన్నారు. అసలు చదివే పంపుతున్నారా?

మొదటి చిట్కా: పాత కారన్నాక వాసన మామూలే, పది నిమిషాలు నడిపితే పోతుంది. వాసన ఎక్కడికీ పోదు, ముక్కు దానికి అలవాటు పడుతుంది. దిగి కాసేపు బయటి గాలి పీల్చి మళ్లీ తలుపు తీయండి, తెలుస్తుంది. కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించే భాగం) ఉన్న పాత మారుతి 800 అయినా సరే, గొట్టాలు, వాషర్లు బాగుంటే లోపల కూర్చున్నవారికి పెట్రోలు కంపు కొట్టదు. పైగా మన బీఎస్-6 ప్రమాణాల పెట్రోలులో 1 శాతం దాకా బెంజీన్ ఉండవచ్చు. అది క్యాన్సర్ కారకమని ఎప్పుడో తేలింది. వెనక సీట్లో పిల్లలను కూర్చోబెట్టి దాన్ని పీల్చనివ్వడం మామూలు సంగతా?

రెండోది, డ్యాష్‌బోర్డు మీద కర్పూరం పెట్టమనడం. పెట్రోలు ఆవిరి నిండిన కారులో ఇంకో మండే పదార్థం! లీకు ఉందని చెప్పేది ఆ వాసన ఒక్కటే. దాన్నీ కప్పేసి ఏం సాధిస్తారు?

మూడోది, వేసవిలో ట్యాంకు నింపితే పేలుతుందట, సగమే కొట్టించాలట. ప్రతి ఎండాకాలం ఇండియన్ ఆయిల్ పేరు పెట్టి తిప్పే పుకారు ఇది. తయారీదారు చెప్పిన పరిమితి వరకు నిక్షేపంగా నింపుకోవచ్చని ఆ సంస్థే చెప్పింది. నాజిల్ తనంతట తాను ఆగాక కూడా లెక్క సరిచేయడానికి ఇంకాస్త కొట్టించకండి, అంతే. అలా చేస్తే ట్యాంకులో ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బాలోకి పెట్రోలే వెళ్లి కూర్చుంటుంది, అప్పుడు నిజంగానే వాసన మొదలవుతుంది.

నాలుగోది చదివాక నాకు నిద్ర పట్టలేదు. "బోనెట్ ఎత్తి, వెలిగించిన అగ్గిపుల్లను పైపుల వెంట నెమ్మదిగా జరపండి. లీకు ఉన్నచోట మంట రెపరెపలాడుతుంది." మంట రెపరెపలాడదు, కారు అంటుకుంటుంది. కిరోసిన్ స్టవ్వులతో, డీజిల్ ఇంజన్లతో గడిపినవారికి ఈ ధైర్యం ఎక్కడిదో నాకు అర్థమవుతుంది. చల్లటి డీజిల్‌లో పడ్డ అగ్గిపుల్ల ఆరిపోవచ్చు. పెట్రోలు అలా కాదు. సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా అంటుకునేంత ఆవిరి దాని నుంచి లేస్తుంది. ఇక మన మే నెల ఎండల్లో చెప్పాలా? గాలిలో ఆ ఆవిరి దాదాపు 1.4 శాతం ఉంటే చాలు, నిప్పు తగలగానే భగ్గుమంటుంది. గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు కాబట్టి అది పైకి లేచి చెదిరిపోదు. కాళ్ల దగ్గర, సీటు కింద, సెల్లారు నేల వెంట పరుచుకుని ఉంటుంది. మీరు పుల్ల గీసేది బోనెట్ దగ్గరే కావచ్చు, మంట మాత్రం ఆ ఆవిరి పరుచుకున్నంత మేరా పాకుతుంది. వంటింట్లో గ్యాస్ వాసన వస్తే లైటు స్విచ్చు కూడా ముట్టుకోని మనమే దీన్ని పదిమందికీ పంపుతున్నాం. ఇంత మంచి పరీక్షను కనిపెట్టిన మహానుభావుడు ముందు తన కారు దగ్గర, తన పిల్లలను వెనక సీట్లో కూర్చోబెట్టి చేసి చూపిస్తాడా?

లీకు పట్టుకోవడానికి టార్చి, తెల్లటి టిష్యూ కాగితం చాలు. కారును ఆరుబయట నిలిపి, ఇంజన్ చల్లారాక, గొట్టం కలిసే ప్రతి చోటా కాగితంతో తుడిచి వాసన చూడండి. చాలా కార్లలో వెనక సీటు మెత్త ఎత్తితే స్క్రూలు బిగించిన ఒక మూత ఉంటుంది, దాని కింద ట్యాంకులోని పంపు తల. చుట్టూ బూడిదరంగు దుమ్ము పొడిగా ఉండి, ఒక పక్కన మాత్రం నెలవంకలా నల్లగా తడిసి ఉంటే దొంగ దొరికినట్టే. అక్కడి రబ్బరు వాషరు గట్టిపడి పోయింది.

అయిదో చిట్కా, లీకు మీద సబ్బు రుద్ది సైకిల్ ట్యూబు చుట్టమనడం. ఇందులో సగం ఒప్పుకుంటాను. ట్యాంకుకు సన్నని చిల్లు పడితే ఒంటిసబ్బు అదిమి రుద్దడం పాత డ్రైవర్లు ఎరిగిన పనే. సబ్బు పెట్రోలులో కరగదు కాబట్టి దగ్గరి మెకానిక్ షెడ్డు దాకా అది ఆపుతుంది. సైకిల్ ట్యూబు మాత్రం పెట్రోలు తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. కార్బ్యురేటర్ బదులు పెట్రోలును ఒత్తిడితో చిమ్మే ఇంజెక్షన్ కార్లలో పైపు లోపల ఒత్తిడి సుమారు 3 బార్లు, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు మూడు రెట్లు ఉంటుంది, అక్కడ ఏది చుట్టినా నిలవదు.

ఆరోది, తప్పంతా ఇథనాల్‌దే, మనం చేసేదేమీ లేదని. మొదటి ముక్కలో కొంత నిజముంది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుతో కొన్ని పాత బళ్లలో రబ్బరు భాగాలు మార్చాల్సి రావచ్చని పెట్రోలియం శాఖే చెప్పింది. అయితే మార్చండి! ఇథనాల్‌ను తట్టుకునే పెట్రోలు గొట్టం, కొత్త క్లిప్పులు అడిగి వేయించుకోండి. నీళ్ల పైపు ముక్క తగిలిస్తామంటే ఒప్పుకోకండి.

వాసన ఎప్పుడు వస్తోందో గమనిస్తే సగం పని అయిపోతుంది. పెట్రోలు కొట్టించిన రోజే వస్తే ట్యాంకు మూత వాషరు, పోసే గొట్టం చూడండి. ఇంజన్ ఆపాక వస్తే, పాత కార్లలో వేడికి కార్బ్యురేటర్ పొంగుతూ ఉండవచ్చు. ఇంజన్ మీదే బిగించిన పాతరకం పంపు ఉన్న కారయితే ఇంజన్ ఆయిల్ మట్టం చూసే కడ్డీ (డిప్‌స్టిక్) తీసి వాసన చూడండి. ఆయిల్ మట్టం పెరిగి, పెట్రోలు వాసన వస్తుంటే పంపు లోపలి పలుచని పొర (డయాఫ్రమ్) చిరిగి, పెట్రోలు ఆయిల్‌లోకి దిగుతూ ఉండవచ్చు. అలా ఉంటే ఆ ఇంజన్‌ను స్టార్ట్ చేయకండి. మెకానిక్‌నే కారు దగ్గరికి పిలిపించి, పంపూ ఆయిలూ రెండూ మార్పించాకే తాళం తిప్పండి.