ఇంటిపేరు కొట్టి వెతికితే దొరికే తాతలు

వంశవృక్షాల వెబ్‌సైట్‌లో ఒక ఇంటిపేరు కొట్టి, వచ్చిన ఫలితాలను ఒకదాని మీద ఒకటి పేర్చి, "మా వంశం పదిహేనో శతాబ్దం దాకా దొరికింది" అని ప్రకటించే పద్ధతి మీద నాకు చాలాకాలంగా అభ్యంతరం ఉంది. నేను పెళ్ళి చేసుకుని గుంటూరు నుంచి జర్మనీలోని వెస్ట్‌ఫాలియాకు వచ్చినదాన్ని. మా పిల్లల నాయనమ్మ, తాతయ్యలది మ్యూన్‌స్టర్ చుట్టుపక్కల పల్లెసీమ, క్యాథలిక్ రైతు కుటుంబం. ఇక్కడా అమెరికాలోనూ జర్మన్ కుటుంబాలతో వియ్యమందిన తెలుగువాళ్ళు ఇప్పుడు తక్కువేమీ కాదు. బడిలో వంశవృక్షం గీసుకురమ్మన్నారని పిల్లలు చెప్పగానే ఆ తల్లిదండ్రులు ముందుగా తెరిచేవి ఆ వెబ్‌సైట్లే కనుక ఈ మాటలు తెలుగులో రాస్తున్నాను.

పాత జర్మన్ రికార్డు వంశానికి సంబంధించినది కాదు, ఊరికి సంబంధించినది. దాన్ని ఊరి పుస్తకంగా, పేజీ తర్వాత పేజీ ఓపికగా చదివినవాళ్ళకు అందులోంచి కుటుంబం బయటపడుతుంది. ఇంటిపేరుతో గాలం వేసినవాళ్ళకు మాత్రం ఆ ఇంటిపేరున్న ఎవరో ఒకరు తగులుతారు, అంతే.

1871కి ముందు జర్మనీ అనే ఒకే రాజ్యం లేదు. రాజులు, డ్యూకులు, బిషప్పులు, స్వతంత్ర నగరాలు ఎవరి ముక్క వాళ్ళు ఏలుకునేవారు. జననం, వివాహం, మరణం రాసిపెట్టే పని ఆ ప్రభుత్వాలది కాదు, ఆ ఊరి చర్చిది. క్యాథలిక్ విచారణ గురువులు (ఊరి చర్చి ఫాదర్లు) జ్ఞానస్నానాల (బాప్తిస్మాల) పుస్తకమూ వివాహాల పుస్తకమూ ఉంచాలని క్యాథలిక్ బిషప్పుల ట్రెంట్ మహాసభ 1563లో నిర్దేశించింది. లూథర్ బోధ వ్యాపించిన కొన్నిచోట్ల అంతకుముందే ఈ పని మొదలైంది, న్యూరెంబర్గ్‌లో వివాహాల పుస్తకం 1524 నుంచే ఉంది. 1618 నుంచి 1648 వరకు సాగిన ముప్ఫై ఏళ్ళ యుద్ధంలో ఎన్నో చర్చిలతో పాటు వాటి పుస్తకాలూ బూడిదయ్యాయి కనుక, చాలా ఊళ్ళలో మనకు చదవడానికి దొరికేది ఆ యుద్ధం తర్వాతి కాలమే. రైన్ నదికి ఎడమ ఒడ్డున ఫ్రెంచి పాలనలో 1798లో పౌర నమోదు, అంటే చర్చి బదులు ప్రభుత్వమే రాసే పద్ధతి, వచ్చింది. జర్మన్ రాజ్యాల్లో అతి పెద్దదైన ప్రష్యాలో అది 1874 అక్టోబర్ 1న, మిగిలిన సామ్రాజ్యమంతటా 1876 జనవరి 1న మొదలైంది. అంతకుముందు కాలానికి దేశమంతటికీ కలిపిన జాబితా ఏదీ లేదు, ఉండే అవకాశమూ లేదు. అందుచేత ఊరు తెలియకుండా ఎంత వెతికినా అది అన్వేషణ కాదు.

అమెరికాలోని మన స్నేహితులకు ఈ ఊరు తెలుసుకోవడమే అన్నిటికన్నా కష్టమైన మెట్టు. అక్కడి పాత జనాభా లెక్కల్లో పుట్టిన చోటు అన్న గడిలో "ప్రష్యా" అనో "హానోవర్" అనో రాసి ఊరుకుంటారు. అది మన దగ్గర "మద్రాసు ప్రెసిడెన్సీ" అని రాసినంత ఉపయోగం. ఊరిపేరు తెలిసినా అది నాయ్‌స్టాట్ అయితే, ఆ పేరున్న ఊళ్ళు జర్మన్ నేలలో ఎన్నో ఉన్నాయి. హాంబర్గ్ రేవు నుంచి ఓడ ఎక్కినవాళ్ళ జాబితాలు 1850 నుంచి 1934 వరకు చాలామటుకు భద్రంగా ఉన్నాయి, ఎక్కినవాళ్ళ ఊరిపేరుతో సహా. బ్రేమెన్ రేవు జాబితాలకు ఆ అదృష్టం లేదు. చోటు చాలక అధికారులే పాతవాటిని పారవేశారు, మిగిలినవాటిలో ఎక్కువ భాగం రెండో ప్రపంచ యుద్ధంలో పోయాయి, 1920 తర్వాతి కాలానివి మాత్రం చెప్పుకోదగ్గ సంఖ్యలో దక్కాయి. కనుక వలస వెళ్ళినవాళ్ళు అమెరికాలో ఏ జర్మన్ చర్చిలో చేరారో చూసి, ఆ చర్చి వివాహ, సమాధి పుస్తకాల్లో గురువు రాసిన స్వగ్రామం పేరు పట్టుకోవడమే ఉత్తమం. గుంటూరువాళ్ళకు తెలిసిన ఒక పేరు ఇక్కడ చెప్పాలి. 1842లో మా ఊళ్ళో లూథరన్ మిషన్ స్థాపించిన ఫాదర్ హయ్యర్ అమెరికా నుంచి వచ్చినవాడే అయినా పుట్టింది 1793లో, జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో. ఆయన ముందు తరాల కోసం హయ్యర్ అనే ఇంటిపేరు వెంట ప్రపంచమంతా తిరగడం కన్నా హెల్మ్‌స్టెట్ ప్రాంతపు పుస్తకాలు తెరవడం మేలు.

ఇక అసలు చిక్కు ఇంటిపేరు దగ్గరే ఉంది. మా అత్తవారి ప్రాంతంలో పేరు మనిషిది కాదు, పొలానిది. బెక్‌మన్ అనే యువకుడు మయర్ పొలానికి వారసురాలైన అమ్మాయిని పెళ్ళాడి ఆ ఇంట కాలు పెడితే, ఆ రోజు నుంచి అతడూ మయరే, పుట్టే పిల్లలూ మయర్లే. మన ఇల్లరికపు అల్లుడు కనీసం తన ఇంటిపేరైనా తాను ఉంచుకుంటాడు. అక్కడ రైతులలో అధికులు భూస్వామికి కట్టుబడినవాళ్ళు కనుక పొలం బీడు పడకుండా ఉండడమే ప్రధానం. ఇంటి యజమాని చనిపోతే అతని వితంతువు భూస్వామి అనుమతితో మళ్ళీ పెళ్ళి చేసుకునేది, వచ్చినవాడు పొలం పేరు తీసుకునేవాడు. తర్వాత ఆమె చనిపోతే ఆ రెండో భర్త ఇంకొక ఊరి పిల్లను తెచ్చుకునేవాడు. వాళ్ళిద్దరికీ పుట్టిన పిల్లల్లో మొదటి మయర్ల రక్తం ఒక్క చుక్క కూడా ఉండకపోవచ్చు, అయినా రిజిస్టర్‌లో వాళ్ళు నిక్షేపంగా మయర్లే. పొలం వదిలి కూలికి పోయిన అన్నదమ్ములలో ఒకరు తండ్రి పుట్టింటి పేరుతోను, ఇంకొకరు పొలం పేరుతోను ఓడ ఎక్కిన సందర్భాలూ ఉన్నాయి. అనుమతి లేకుండా పేరు మార్చుకోకూడదని ప్రష్యా 1822లో శాసించాక, ఫలానా అనబడే ఫలానా అంటూ రెండు పేర్లూ కలిపి రాయడం ఈ ప్రాంతంలో స్థిరపడింది.

ఈ వెస్ట్‌ఫాలియా పద్ధతి ఒక్కటే అయితే మినహాయింపు అనుకోవచ్చు. ఉత్తరాన ఈస్ట్ ఫ్రీజియాలో తండ్రి పేరే కొడుక్కి ఇంటిపేరై తరం తరానికీ మారుతూ వచ్చింది. స్థిరమైన ఇంటిపేరు పెట్టుకోవాలన్న ఆజ్ఞ అక్కడికి 1811లో నెపోలియన్ పాలనలో వచ్చింది. దక్షిణాన బవేరియాలో ఆస్తిపాస్తులు లేనివాళ్ళకు పెళ్ళి చేసుకోవడానికే స్థానిక అధికారుల అనుమతి కావలసి వచ్చేది. 1868లో ఆ నిబంధనలు సడలే వరకు కలిసి బతుకుతున్న జంటల పిల్లలు తల్లి ఇంటిపేరుతోనే రిజిస్టర్‌కెక్కారు. ప్రష్యాలో యూదు కుటుంబాలు 1812 శాసనంతో ఇంటిపేర్లు తీసుకున్నాయి. ఇన్ని రకాలుగా పుట్టి, మారి, అతికించబడిన పేరును తాళంచెవిగా పట్టుకుని శతాబ్దాల తలుపులు తీస్తామనుకోవడం అమాయకత్వం.

మరి ఆధారం ఏమిటి? నా అనుభవంలో అన్నిటికన్నా విలువైన సాక్ష్యం జ్ఞానస్నానపు నమోదులో చివరగా ఉండే జ్ఞాన తల్లిదండ్రుల, అంటే జ్ఞానస్నానంలో బిడ్డకు పూచీగా నిలబడే పెద్దల, పేర్లు. ఆ బాధ్యతను దారినపోయేవాళ్ళకు అప్పగించరు. తల్లి చెల్లెలో, తండ్రి అన్నో, పక్క పొలం ఆసామో వచ్చి నిలబడతారు, బిడ్డకు వాళ్ళ పేరే పెట్టడం కూడా తరచుగా కనిపిస్తుంది. ఒకే దశాబ్దంలో ఒకే ఊళ్ళో ముగ్గురు యోహాన్ హైన్‌రిష్‌లు ఒకే ఇంటిపేరుతో తిరుగుతున్నప్పుడు, వాళ్ళను విడదీసేది ఈ చివరి పంక్తే. వివాహపు నమోదులో సాక్షుల పేర్లు ఉంటాయి. వధూవరులు దగ్గరి బంధువులైతే చర్చి ఇచ్చిన మినహాయింపు, ఎన్నో తరపు చుట్టరికమో కూడా చాలాసార్లు రాస్తారు; ఆ ఒక్క మాటతో రెండు కుటుంబాల ముత్తాతలు ఒక్కరేనని తేలిపోతుంది. సమాధుల పుస్తకం చదవనివాళ్ళు ఒక పెద్ద ప్రమాదంలో పడతారు. పసిబిడ్డ చనిపోతే తర్వాత పుట్టిన బిడ్డకు అదే పేరు పెట్టడం అప్పటి ఆచారం. వెబ్‌సైట్ల వృక్షాల్లో ఎనభై ఏళ్ళు బతికి మనవలను ఎత్తుకున్న పెద్దమనిషికి, పుట్టిన వారానికే కన్నుమూసిన అతని అన్న పుట్టినతేదీ అంటించి ఉండడం నేను ఎన్నోసార్లు చూశాను. ఒకరు అంటిస్తే మిగిలినవాళ్ళు ఎత్తి రాసుకుంటారు, చివరికి అదే చరిత్ర అవుతుంది.

చదవడం కష్టమనే సాకు నాకు తెలుసు. కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాత లిపిలో ఇ, ఎన్, యు అక్షరాలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి, క్యాథలిక్ పుస్తకాలు చాలాకాలం లాటిన్‌లో సాగాయి. 1941లో బడుల్లో పాత లిపిని ఆపేశారు కనుక ఇక్కడి యువతకు సొంత ముత్తవ్వ ఉత్తరమే చదవరాదు. అయితే ఒక గురువు చేతిరాత కొన్నాళ్ళలో అలవాటైపోతుంది, ఆయన వాడే మాటలు పదేపదే అవే. తెలుగులో గొలుసుకట్టు దస్తావేజులు చదివిన ఇళ్ళవాళ్ళం మనం, దీనికి బెదరనవసరం లేదు.

సూచిక మీద ఆధారపడి పేజీ చూడకపోతే పోయేది పుట్టినతేదీ ఒక్కటే కాదు. పౌర నమోదు పుస్తకాల్లో మార్జిన్ చూడండి. 1938 ఆగస్టులో నాజీ ప్రభుత్వం ఒక శాసనం చేసింది. తాను ఆమోదించిన యూదు పేర్ల జాబితాలో తమ పేరు లేని యూదులు, 1939 జనవరి 1 నుంచి, మగవాళ్ళయితే ఇజ్రాయెల్ అనీ ఆడవాళ్ళయితే సారా అనీ అదనపు పేరు పెట్టుకోవాలన్నది. ఎప్పుడో పుట్టిన మనిషి జనన నమోదు పక్కనే గుమాస్తా ఆ మాట చేర్చాడు. యుద్ధం తర్వాత మరొక గుమాస్తా దాని కిందే అది చెల్లదని రాశాడు. సూచికలో ఇవేవీ రావు, పేరూ తేదీ మాత్రమే వస్తాయి.

ఇక్కడే నా అభ్యంతరానికి రెండో మూలం కూడా ఉంది. ఊరిని వదిలేసి రక్తపు గీతను మాత్రమే లాగే పని జర్మనీలో ఒకప్పుడు ప్రభుత్వమే చేయించింది. 1933 ఏప్రిల్ 7 నాటి ప్రభుత్వోద్యోగుల చట్టం తర్వాత, ఆ ఉద్యోగంలో ఉండాలంటే తాతల దాకా ఆర్యులమని కాగితాలతో నిరూపించుకోవలసి వచ్చింది. నాజీ పార్టీ దళమైన ఎస్ఎస్‌లో చేరేవాడు 1800 వరకు, అందులో అధికారి కావాలంటే 1750 వరకు వెనక్కి వెళ్ళాలి. విచారణ గురువులు రోజంతా కూర్చుని జ్ఞానస్నానపు నకళ్ళు రాసి ముద్రలు వేశారు. అలా నిండిన పూర్వీకుల పాస్‌పుస్తకం ఇప్పటికీ ఎన్నో జర్మన్ ఇళ్ళ బీరువాల్లో ఉంది. మా అత్తగారి ఇంట్లోనూ ఒకటి ఉంది. అందులోని తేదీలను నేను వాడుకుంటాను, ముద్ర వేసిన నకళ్ళు కనుక పనికొస్తాయి. అయితే అందులో జ్ఞాన తల్లిదండ్రులు లేరు, సాక్షులు లేరు, చనిపోయిన పసిపిల్లలు లేరు, పక్క పొలంవాళ్ళు లేరు. ఈనాటి వెబ్‌సైట్ల వృక్షాలలోనూ వీళ్ళెవరూ ఉండరన్న సంగతి నాకు ఇబ్బంది కలిగిస్తుంది.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచేది ఊరి కుటుంబాల పుస్తకం. ఒక ఊరి చర్చి పుస్తకాలన్నిటినీ చదివి, అందులోని ప్రతి కుటుంబానికీ ఒక సంఖ్య ఇచ్చి, భూస్వామినీ గొర్రెలకాపరినీ ఒకే వరసలో కూర్చే సంకలనమది. ఈ రకం పుస్తకాలకు 1930ల చివర నాజీ రైతు సంస్థే ఊతమిచ్చింది, ఆ మచ్చ ఉన్నమాట నిజం. అయినా ఇప్పుడు స్థానిక చరిత్ర సంఘాలలోని విశ్రాంత ఉపాధ్యాయులూ, గ్రామస్థులూ ఏళ్ళ తరబడి కూర్చుని తయారు చేస్తున్నవి నేను చూసినంతలో అత్యంత నమ్మకమైన పని. అది లేని ఊరికి చర్చి పుస్తకాల చిత్రాలే దిక్కు. మ్యూన్‌స్టర్ మేత్రాసనం (అక్కడి బిషప్ పరిధిలోని చర్చి) తన పుస్తకాలను మాట్రికూలా సైట్‌లో ఉచితంగానే పెట్టింది. ప్రొటెస్టెంట్ చర్చిలవి ఎక్కువగా చందా కట్టి చూడవలసినవి. జర్మనీలో చాలా రాష్ట్రాల్లో ఆదాయపు పన్ను మీద 9 శాతం చర్చి పన్ను కట్టేవాళ్ళు తమ ముత్తాత జ్ఞానస్నానం చూడడానికి మళ్ళీ డబ్బు కట్టడం నాకు న్యాయంగా తోచదు. స్టాండెసామ్ట్‌లో, అంటే పౌర నమోదు కార్యాలయంలో, జననాలకు 110 ఏళ్ళు, వివాహాలకు 80, మరణాలకు 30 ఏళ్ళు దాటాకే పుస్తకం ఆర్కైవ్‌కు చేరి అందరికీ తెరుచుకుంటుంది. ఈ నియమం మాత్రం నాకు సబబుగానే ఉంది.

ఇదంతా ఇప్పుడు రాయడానికి ఒక కారణం ఉంది. మామగారి వైపు చుట్టాలు కుటుంబ సమ్మేళనం కోసం పెద్ద వంశపటం అచ్చు వేయించబోతున్నారు. దాని తలమీద ఇంటర్నెట్‌లో కొన్న కులచిహ్నం (డాలు బొమ్మతో ఉండే వంశ ముద్ర), దాని కింద 1498 అన్న సంవత్సరం. మ్యూన్‌స్టర్ బిషప్ ఏలుబడిలో 1498–99లో వసూలు చేసిన పన్ను పట్టికలో మా పొలం పేరు ఉన్నమాట వాస్తవమే. కానీ 1749–50లో ఇంటింటా ఎవరెవరు ఉన్నారో చర్చి రాయించిన జాబితానూ, అప్పటి వివాహ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ ఇంటి యజమానీ యజమానురాలూ ఇద్దరూ బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. మా పిల్లలు వాళ్ళ సంతానం, 1498 నాటి పన్ను కట్టినవాళ్ళ సంతానం కాదు. పొలం యజమానుల వరుసను ఒక నిలువు గడిలో, పుట్టుక వరుసను మరొక గడిలో వేయండి, కులచిహ్నం తీసేయండి అని నేను చెప్పాను. మామగారు నా పక్షానే ఉన్నారు. ఆయన పినతండ్రి కొడుకు మాత్రం, 1498 తీసేసేటట్లయితే అచ్చు ఖర్చులో తన వాటా ఇచ్చేది లేదని తేల్చి చెప్పాడు.