వైరస్ జీనోమ్ చదివేసి పని అయిపోయిందంటే ఎట్లా?

కరోనా తర్వాత వైరస్ అనగానే అందరూ అడిగేది ఒకటే: సీక్వెన్సింగ్ చేశారా (అంటే దాని జీనోమ్‌ను, జన్యు సమాచారాన్నంతా, చదివారా), కొత్త వేరియంటా? అది కావాల్సిందే. కానీ అక్కడితో సరిపోతుందని మా సైన్స్ వాళ్లే అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. పోస్ట్‌డాక్‌లో నా పని వైరస్ ప్రొటీన్లకు అతుక్కున్న చక్కెర గొలుసులను మాస్ స్పెక్ట్రోమెట్రీతో, అంటే అణువుల బరువు కొలిచే మెషీన్‌తో, చదవడం. అవి ఏ జీనోమ్ రిపోర్టులోనూ ఉండవు.

కరోనాకు చక్కెర అతికించే ఎంజైములు సొంతంగా లేవు. మన కణంలో దూరి, మన సరంజామాతోనే ఆ పని కానిచ్చుకుంటుంది. వైరస్ పైన ముల్లులా ఉండే స్పైక్‌లో ఒకే రకం ప్రొటీన్లు మూడు ఉంటాయి. ఒక్కోదాని మీద 22 చోట్ల, మొత్తం 66 చోట్ల ఎన్-లింక్డ్ చక్కెరలకు (ఆస్పరాజిన్ అనే అమైనో ఆసిడ్‌కు అతుక్కునేవి) వీలుంది. పైన ఉన్నవి మన ఒంటి చక్కెరలే కాబట్టి కింది ప్రొటీన్ యాంటీబాడీలకు సరిగా చిక్కదు. ప్రొటీన్‌లోని అమైనో ఆసిడ్ల వరుసలో ఆస్పరాజిన్, తర్వాత ప్రోలిన్ కానిదేదైనా, ఆపైన సెరిన్ లేదా త్రియోనిన్ ఉంటే అక్కడ చక్కెర పట్టవచ్చని సీక్వెన్స్ చెబుతుంది. పట్టిందా, పడితే ఏది, ఎంత శాతం? అది చెప్పదు. 2020లో సౌతాంప్టన్ యూనివర్సిటీలో మాక్స్ క్రిస్పిన్ బృందం ఆ 22 చోట్లనూ విడివిడిగా కొలిచింది. 234వ స్థానంలో ఎక్కువగా మానోజ్ అనే చక్కెర గొలుసులే ఉన్నాయని అట్లా తెలిసింది.

పైగా కణం మారితే చక్కెర మారుతుంది. హైదరాబాద్‌లో బయలాజికల్ ఇ కంపెనీ తయారుచేసిన కరోనా వ్యాక్సిన్ కోర్బెవాక్స్‌కు 2021 డిసెంబరులో అత్యవసర అనుమతి వచ్చింది. అందులోని స్పైక్ ముక్కను ఈస్ట్‌లో పెంచుతారు. ఈస్ట్ మానోజ్‌ను అతిగా తగిలిస్తుంది. అందుకే దాన్ని రూపొందించిన హ్యూస్టన్ శాస్త్రవేత్తలు 331వ స్థానంలోని ఆస్పరాజిన్‌నే తీసేశారు. వ్యాక్సిన్లు తయారయ్యేది మన పక్కనే, ఈ విద్య మాత్రం మన పిల్లలకు అందదు.

స్క్రీన్ మీద 204.087 దగ్గర పీక్ లేస్తే చక్కెర ఉన్న పెప్టైడ్ (ప్రొటీన్ ముక్క) దొరికినట్టే. ఆ తర్వాతే అసలు టెన్షన్. ఫ్యూకోజ్, సియాలిక్ యాసిడ్ రెండూ చక్కెరలే; రెండు ఫ్యూకోజ్‌లకూ ఒక సియాలిక్ యాసిడ్‌కూ బరువులో తేడా దాదాపు ఒక డాల్టన్, అంటే ఒక హైడ్రోజన్ పరమాణువు బరువంత. అదే అణువు ఒక డాల్టన్ ఎక్కువ బరువుతో కనిపించే పక్క ఐసోటోప్ పీక్‌ను పట్టుకుంటే సాఫ్ట్‌వేర్ తప్పు రాసేస్తుంది. దేవరకొండ దిక్కు నుంచి మా ల్యాబుకు ప్రాజెక్టుకు వచ్చిన ఎమ్మెస్సీ అమ్మాయి, సాఫ్ట్‌వేర్ రెండు ఫ్యూకోజ్‌లని రాసిన చోట సియాలిక్ యాసిడ్‌కు గుర్తయిన 274.09 పీక్ మీద వేలు పెట్టి, "ఇది సియాలిక్ యాసిడ్ గదా అక్కా?" అన్నది. నిజమే. అంతకుముందు ఆమె మాస్ స్పెక్‌ను ఫొటోలో తప్ప చూడలేదు.

"జిల్లా పిల్లలకు అంత ఖరీదైన మెషీన్ ఎందుకు" అని ఒక మీటింగులో ఒక పెద్దాయన అన్నారు. నల్లగొండ వాళ్లకా కొలత విలువ చెప్పేది? మా బోరు నీళ్లు చూడ్డానికి తేటగానే ఉండేవి. కొలిస్తేనే ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందని తేలింది.

మెషీన్ కొనమని నేను అడగడం లేదు. నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ విద్యార్థులకు హైదరాబాద్ ల్యాబులు సెమిస్టర్‌కు కొన్ని గంటలైనా కేటాయించాలి. ఉండేది వంద కిలోమీటర్ల దూరమే. అది కుదిరేలోపు కూడా ఖాళీగా కూర్చోనక్కర్లేదు. ప్రొటీన్ల మాస్ స్పెక్ డేటా దాచే ప్రైడ్ డేటాబేస్‌లో స్పైక్ ముడి డేటా ఉచితంగా దొరుకుతుంది, మామూలు కంప్యూటర్లలో స్పెక్ట్రా (ఆ పీకుల గ్రాఫులు) చదవడం మొదలుపెట్టొచ్చు. ఆదివారాలు వచ్చి నేర్పడానికి నేను సిద్ధం. కంప్యూటర్ ల్యాబు తెరిపించే హెచ్‌ఓడీ ఎవరైనా ఉంటే మెసేజ్ చేయండి.