ముందు బాకీ తీర్చి, తర్వాత రొట్టె ముట్టుకోమంటారా?

పోయిన ఆదివారం మా చర్చి సంఘంలో జరిగింది చూశాక వారం రోజులుగా సరిగ్గా నిద్ర పట్టట్లేదు. ఇది రాస్తే మా వాళ్ళలో కొందరికి కోపం వస్తుందని తెలుసు. రాయకుండా ఉండలేకపోతున్నాను.

మాది నర్సాపురం దగ్గర కాలువ గట్టు మీది ఊరు. నాలుగేళ్ళ కిందట మా సంఘస్తుడే ఒకాయన చీటీలు కట్టించుకుని, పాడుకున్నవాళ్ళకి డబ్బివ్వకుండా రాత్రికి రాత్రే ఊరొదిలి వెళ్ళిపోయాడు. మునిగినవాళ్ళలో మా అమ్మ కూడా ఉంది. చెల్లి పెళ్ళికని నాట్లకీ కోతలకీ వెళ్ళి కూడబెట్టిన ఎనభై వేలు. ఆ ఏడు పెళ్ళి ఆగిపోయింది. కాబట్టి "నీ డబ్బు పోతే తెలిసేది" అని నాకెవరూ చెప్పక్కర్లేదు.

సంక్రాంతి వెళ్ళాక ఆయన తిరిగొచ్చాడు. రొయ్యల చెరువు మీద రాత్రి కాపలాకి కుదిరాడు. సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నాడు. నెలనెలా అందరికీ కొంత కొంత ఇస్తున్నాడు. అమ్మకి ఇప్పటికి ఆరు వేలు ముట్టాయి. ఆరాధనకొస్తే చివర, చెప్పులు విడిచే చోట గోడకి ఆనుకుని కూర్చుంటాడు. మొన్న ప్రభువు బల్ల అప్పుడు, ఆయన మరణాన్ని తలుచుకుంటూ అందరం పంచుకు తినే రొట్టె పళ్ళెం ఆ వరసకి వచ్చినప్పుడు ఆయన చెయ్యి చాచాడు. పళ్ళెం పట్టుకున్న పెద్దాయన దాన్ని ఆయన తల మీదుగా ఎత్తి పక్కవాళ్ళకి అందించారు. చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత ఆ చేత్తోనే పాటల పుస్తకం తీసి, తెరవకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆడవాళ్ళ వైపు నుంచి వాళ్ళావిడ అంతా చూస్తూనే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కూడిక అయ్యాక అడిగాను. "మొత్తం తీర్చమను, అప్పుడు చూద్దాం. అర్హత ఉండాలి కదరా అబ్బాయ్" అన్నారు పెద్దాయన.

అర్హత! ఆ మాట మన నోటికి ఎలా వచ్చింది? 1836లో బౌడెన్ దొర, బీర్ దొర మన దేశం వచ్చి ఈ నర్సాపురం, పాలకొల్లు ప్రాంతంలో సువార్త చెప్పారు. మా ముత్తాతల్ని మంచినీళ్ళ చెరువు దగ్గరికి కూడా రానివ్వని కాలం అది. మీకు చదువెందుకు, మీకు దేవుడెందుకు అన్నవాళ్ళే చుట్టూ. మా ముత్తాతలు ఏ తప్పూ చెయ్యలేదు, ఈయన చేశాడు. రెండూ ఒకటని నేననను. కానీ "నీకు అర్హత లేదు, దూరంగా ఉండు" అన్న మాట ఎంత లోతుగా కోస్తుందో మన పేటలో పుట్టినవాళ్ళకి ఒకరు చెప్పాలా? ఏ అర్హతా అడగకుండా పిలిచాడనే కదా మనవాళ్ళు యేసు ప్రభువు దగ్గరికి వెళ్ళింది!

బైబిల్లో సుంకాలు వసూలు చేసే జక్కయ్య కథ మనకి సండే స్కూల్ నుంచీ కంఠతా వచ్చు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడని ప్రసంగాల్లో గట్టిగా చెప్తాం. ఎప్పుడన్నాడో చూడండి. "నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అని ప్రభువు ముందు పిలిచాడు. ఊరంతా సణిగింది. ఆ తర్వాతే అతను తిరిగి ఇస్తానన్నాడు. ప్రభువుని చూడ్డానికి అతను ఎక్కిన మేడిచెట్టు కిందే నిలబెట్టి లెక్క తేల్చమనలేదు. మనం ఆ వరసని తలకిందులు చేశాం.

ఇంకొకరు బైబిల్లో పౌలు రాసిన 1 కొరింథీ పత్రిక 11వ అధ్యాయం చూపించారు, ఆ రొట్టె అయోగ్యంగా తినకూడదని. ఆ అధ్యాయం మొత్తం చదివారా? పౌలు కోప్పడింది ఎవరి మీద? ఉన్నవాళ్ళు ముందే తినేసి, లేనివాళ్ళని ఆకలితో కూర్చోబెట్టినందుకు. "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను" అని ఉంది. పక్కవాణ్ణి పరీక్షించమని లేదు.

డబ్బు వదిలేయమని నేను చెప్పట్లేదు. నోటు రాయించుకోండి, మాట తప్పితే కేసు వెయ్యండి, అది మన హక్కు. మళ్ళీ ఆయన చేతికి ఎవరూ చీటీ డబ్బులు ఇవ్వొద్దు, నేనూ ఇవ్వను. బల్ల మాత్రం బాకీలు వసూలు చేసే చోటు కాదు.

నాకు ఆయన మీద కోపం పోయిందా అంటే, పూర్తిగా పోలేదు. పొద్దున్నే చేలో దిగినవాడికీ, సాయంత్రం అయిదింటికి వచ్చినవాడికీ ఒకే కూలి ఇస్తే మన కూలీలు ఊరుకుంటారా? ప్రభువు చెప్పిన ద్రాక్షతోట కూలీల ఉపమానంలో వాళ్ళూ ఊరుకోలేదు. "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా" అని యజమాని అడిగింది వాళ్ళనే. మొన్న ఆ పళ్ళెం ఆయన్ని దాటిపోయినప్పుడు నాలోనూ ఒక్క క్షణం హాయిగా అనిపించింది. నిద్ర పట్టనిది అందుకే. ఆ పళ్ళెం నా దగ్గరికి వచ్చింది నేను మంచివాణ్ణని కాదు. "మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెను" అని చదువుకుంటూ అందుకున్నాను.

అమ్మ ఇంకా ఆయనతో మాట్లాడదు. నేను బలవంతపెట్టను, పోయింది ఆవిడ కష్టం. రాత్రి ఇదంతా చదివి వినిపిస్తే చాలాసేపు ఏమీ అనలేదు. "నెలనెలా తెచ్చిస్తున్నాడు గదా" అంది, అంతే.

పెద్దలందరికీ గౌరవంతోనే చెప్తున్నాను. రేపు ఆదివారం నేను చెప్పుల దగ్గర, ఆయన పక్కన కూర్చుంటాను. ఆయనకి ఇవ్వకపోతే పళ్ళెం నా దగ్గర కూడా ఆపకండి.