మాయా ప్రజలు అదృశ్యం కాలేదు: ప్రచారంలో ఉన్న ఒక కథనానికి ఖండన

మెక్సికో, గ్వాతెమాలా యాత్రలకు సిద్ధమయ్యేవారి మధ్య ఒక కథనం ఎప్పటి నుంచో చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: అక్కడి ప్రాచీన మాయా నాగరికత ఉన్నట్టుండి కారణం తెలియకుండా అంతరించింది, స్పెయిన్ సేనలు వచ్చేనాటికి అడవిలో ఖాళీ పిరమిడ్లే మిగిలాయి, అంతటి కట్టడాలు మనుషుల వల్ల అయ్యేవి కావు, ఆ తర్వాతి చర్చిలకు, ఊళ్లకు మాయాలతో సంబంధం లేదు కనుక చిచెన్ ఇట్సా, తికాల్ అనే పాత మాయా నగరాల శిథిలాలు చూసి వస్తే చాలు, ఆ జాతి పంచాంగమైతే 2012తోనే ముగిసిపోయింది. ఇందులో నిలబడే మాట ఒక్కటీ లేదు. తప్పుల కన్నా బాధ కలిగించేది, బతికి ఉన్న ఒక జనసమూహాన్ని ఈ కథనం మృతుల జాబితాలో చేర్చడం.

ఉన్నట్టుండి అంతరించిందన్న మాటను ముందుగా చూద్దాం. తికాల్‌లో తేదీ చెక్కి నిలిపిన చివరి శిల క్రీ.శ. 869 నాటిది, తోనినాలో అటువంటి శిల 909 వరకూ కనిపిస్తుంది. అంటే దక్షిణాది నగరాలు నూరేళ్లకు పైగా ఒకదాని తర్వాత ఒకటిగా క్షీణించాయి. సరస్సుల అడుగున పేరుకున్న మట్టిపొరలు ఆ కాలపు దీర్ఘమైన అనావృష్టికి సాక్ష్యమిస్తున్నాయి. నగరాల మధ్య యుద్ధాల గురించి శాసనాలే చెబుతున్నాయి. అదే సమయంలో ఉత్తరాన ఉష్మల్, చిచెన్ ఇట్సా వైభవంగా వెలిగాయి, వాటి తర్వాత మాయాపాన్ 15వ శతాబ్దం మధ్య వరకూ రాజధానిగా నిలిచింది. కూలినవి రాజవంశాలు, మొక్కజొన్న పండించే రైతు కుటుంబాలు ఎటూ పోలేదు.

స్పెయిన్ వారికి ఖాళీ నగరాలే ఎదురయ్యాయన్నది మరింత పెద్ద అసత్యం. మెక్సికోలోని యూకతాన్ ద్వీపకల్పాన్ని లోబరచుకునే దండయాత్ర 1527లో మొదలైతే, మెరిదా నగరానికి పునాది వేయడం 1542లో గాని సాధ్యం కాలేదు; మనుషులు లేని నేల కోసం ఎవరూ పదిహేనేళ్లు పోరాడరు. గ్వాతెమాలాలోని పేతెన్ ఇట్సా సరస్సు మధ్య ద్వీపంలో ఉన్న నోహ్‌పెతెన్ అనే ఇట్సా మాయాల రాజధాని 1697 మార్చి 13 వరకూ స్వతంత్రంగానే ఉంది. అప్పటికి మన గోల్కొండ మొఘలుల వశమై పదేళ్లయింది. నేడు ఆ ద్వీపం మీద ఉన్న పట్టణం పేరు ఫ్లోరెస్. తికాల్ చూడబోయే యాత్రికులలో చాలామంది రాత్రి బస చేసేది అక్కడే, కానీ తాము నిద్రపోతున్నది చివరి మాయా రాజధాని మీదనని వారికి చెప్పేవారు తక్కువ.

మనుషుల వల్ల కాదన్న వాదానికి ఆ రాళ్ల మీది రాతలే సమాధానం. పలెంకే అనే మాయా నగరంలోని శాసనాల ఆలయం కింద 1952లో అల్బెర్తో రూస్ అనే పురావస్తు శాస్త్రవేత్త వెలికితీసిన సమాధి, 615 నుంచి 683 వరకూ పాలించిన పకాల్ రాజుది. ఆ శవపేటిక మూత మీది బొమ్మను అంతరిక్ష నౌక నడుపుతున్న మనిషిగా చూపే చిత్రం తరచూ కనబడుతుంది. నిజానికి అది పాతాళపు కోరల మధ్య ఉన్న రాజు, ఆయన పైన విశ్వవృక్షం. ఇవి రెండూ మాయా శిల్పంలో చాలాచోట్ల ఉన్నవే. సున్నపురాయి ఆ నేలలోనే దొరుకుతుంది, దాన్ని కాల్చి సున్నం చేయడం వారికి తెలుసు, చెకుముకి రాతి పనిముట్లతో చెక్కడమూ తెలుసు.

స్పెయిన్ పాలన నాటి చర్చిలకు, ఊళ్లకు మాయాలతో సంబంధం లేదన్న మాట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే యాత్రికులకు అసలు నష్టం ఇక్కడే జరుగుతోంది. మెరిదా అనేది త్హో అనే మాయా నగరం మీద కట్టిన ఊరు; 1598లో పూర్తయిన అక్కడి కథీడ్రల్ గోడలలో ఉన్నవి ఆ నగరపు ఆలయాల రాళ్లు, వాటిని మోసినవి మాయా శ్రామికుల భుజాలు. ఇసమాల్‌లో పసుపు రంగు పూసిన ఫ్రాన్సిస్కన్ క్రైస్తవ సన్యాసుల మఠం ఒక పెద్ద మాయా ఆలయ వేదికను సగం కూల్చి దాని మీదనే లేపినది. అందుకే వీధి నుంచి ఏటవాలు దారి ఎక్కితే గాని దాని ప్రాంగణం చేరలేము. గోడల్లో అక్కడక్కడా మెలికల నగిషీ చెక్కిన పాత మాయా రాళ్లు ఇప్పటికీ కంటికి కనిపిస్తాయి, కాస్త దూరంలో కినిచ్ కాక్మో పిరమిడ్ నిలబడి ఉంది. ఆ మఠంతో ముడిపడిన దియేగో దె లాందా అనే మతాధికారి 1562 జులైలో మనీ అనే ఊళ్లో మాయా గ్రంథాలను రాశిపోసి తగలబెట్టించాడు. నేడు లోకంలో మిగిలినవి నాలుగే. అదే లాందా రాసి పెట్టుకున్న లిపి వివరాలు 1952లో యూరీ క్నోరొజోవ్ అనే సోవియట్ పండితుడికి మాయా రాతను చదివే దారి చూపాయి. ఇంతటి చరిత్రను స్పెయిన్ వారి భవనాలంటూ దాటి పోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

గ్వాతెమాలాలోని చిచికాస్తెనాంగోలో సాంతో తోమాస్ చర్చి మెట్లమీద మాయాలలో ఒక తెగ అయిన కిచేలు ఈనాటికీ కోపాల్ అనే చెట్టు జిగురుతో ధూపం వేస్తారు. ఆ దేశంలో గుర్తింపు పొందిన మాయా కుటుంబ భాషలే 22 ఉన్నాయి. మెక్సికో 2020 జనగణనలో యూకతాన్ మాయా భాష మాట్లాడేవారు ఏడున్నర లక్షల పైమాటే. 1992లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న రిగోబెర్తా మెంచూ కిచే మాయా మహిళ.

ఇక 2012 సంగతి. ఆ డిసెంబరు 21న, రోజులను ఏకధాటిగా లెక్కించే దీర్ఘగణన అనే మాయా కాలమానంలో ఒక పెద్ద ఆవర్తనం పూర్తయింది, అంతే. పకాల్ ఆలయపు శాసనంలోనే క్రీ.శ. 4772 నాటి తేదీ లెక్కకట్టి ఉంది కనుక, అది రాయించినవారు 2012ను కాలానికి అంతమని అనుకోలేదు. 260 రోజుల పవిత్ర పంచాంగాన్ని గ్వాతెమాలా కొండప్రాంతాల దినగణకులు నేటికీ తప్పకుండా లెక్కిస్తున్నారు. ఆ చక్రంలో ఎనిమిదవ బాత్స్ అనే పేరుగల రోజు వచ్చినప్పుడల్లా మోమోస్తెనాంగోలో కొత్త దినగణకులకు దీక్ష ఇస్తారు.