చెవి కింద గడ్డకు ముందు సూది, తర్వాతే కత్తి

చెవి తమ్మె కింద గోళీకాయంత గడ్డ. నొప్పి లేదు, జ్వరం లేదు. ఇంట్లోవాళ్లు చూసి గవదబిళ్లలే అంటారు, పసుపు పట్టు వేస్తారు, మెడికల్ షాపు నుంచి యాంటీబయాటిక్ తెస్తారు. గవదలైతే వారం పది రోజుల్లో తగ్గిపోవాలి కదా. ఇది నెలల తరబడి అలాగే ఉండి, ఒకరోజు అద్దంలో చూసుకుంటే తమ్మె కాస్త పైకి లేచి కనిపిస్తుంది. ఇక టెన్షన్ మొదలు, క్యాన్సరేమోనని.

చాలాసార్లు కాదు. లాలాజల గ్రంథుల కంతుల్లో అత్యధికం చెవి ముందూ కిందా ఉండే పెరోటిడ్ గ్రంథిలోనే వస్తాయి, వాటిలో దాదాపు 80 శాతం క్యాన్సర్ కానివే. చిక్కంతా అరుదైనవాటితోనే. బేసల్ సెల్ అడినోమా ప్రమాదం లేని కంతి, అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా మొండి క్యాన్సర్. గడ్డ ఏ రకమో తెలియడానికి సన్న సూదితో కాసిని కణాలు తీసి పరీక్షిస్తారు. ఆ కణాల్లో ఈ రెండూ ఎంత దగ్గరగా ఉంటాయంటే, కణాలు చూసి జబ్బు తేల్చే పెథాలజిస్టు, ఎంత చేయి తిరిగినవారైనా, మైక్రోస్కోపు దగ్గర ఆగిపోతారు. కంతి అంచు దాటి పక్కకు చొచ్చుకుపోయిందా లేదా అన్నదే తేల్చాలి, ఆ అంచేమో సూదిలోకి రాదు. ఆంకోసైటోమా అనే ప్రమాదం లేని కంతి అయితే పెట్ స్కాన్‌లో అచ్చం క్యాన్సర్‌లాగే వెలుగుతుంది. కాబట్టి రిపోర్టులో 'ఏ రకమో తేల్చలేం' అని రాస్తే ల్యాబ్‌ను తిట్టుకోకండి. లాలాజల గ్రంథుల సూది పరీక్ష రిపోర్టులు రాయడానికి 2018లో వచ్చిన మిలాన్ విధానం ఆ జవాబుకు విడిగా వర్గాలే కేటాయించింది.

మా బాధ వేరే. కొవ్వుగడ్డే కదా అని, ఏ పరీక్షా లేకుండా పైపైన కోసి తీసేయడం ఇంకా జరుగుతోంది. కళ్లు మూసే, మూతి కదిపే నరం ఆ గ్రంథి మధ్య నుంచే వెళ్తుంది. ఈ గ్రంథిలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే, క్యాన్సర్ కాని ప్లియోమార్ఫిక్ అడినోమా కంతిని గింజ ఒలిచినట్టు తీస్తే, ఏళ్ల తర్వాత అదే చోట చిన్న చిన్న గడ్డలుగా తిరిగొస్తుంది, రెండో ఆపరేషన్‌లో నరానికి ముప్పు మరింత ఎక్కువ. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న భయం మాత్రం వదిలేయండి, సన్న సూదితో అలా జరగడం చాలా చాలా అరుదు.

జిల్లా ఆసుపత్రుల్లో అల్ట్రాసౌండ్ చూస్తూనే సూది పరీక్ష చేసే ఏర్పాటు ఉండాలి. డాక్టర్లకూ ఒక మాట: ల్యాబ్‌కు పంపే చీటీలో 'మెడ గడ్డ' అని రెండు ముక్కలు రాసి ఊరుకోకండి. ఎన్నాళ్లుగా ఉంది, ఈమధ్య గబుక్కున పెరిగిందా, మూతి వంకర పోయిందా, సిగరెట్ అలవాటుందా (వార్తిన్ కంతి అనే క్యాన్సర్ కాని రకం పొగతాగేవారిలోనే ఎక్కువ) అన్నవి రాయండి.